దీపాలదిన్నెపై పార పట్టినవారు

ఇంటి ముంగిట పచ్చిక పెంచవలెనన్నను, పెరటిలో నాలుగు మొక్కలు నాటవలెనన్నను మనలో పలువురు తోటమాలిని పిలుతుము. అతనికి పని తెలియునా అని ఇరుగుపొరుగువారిని విచారించి, కూలి మాటలాడుకొందుము. పని రానివాడు చేయి చేసికొన్నచో మనకు పోవునది ఒక గులాబి అంటు, కొంత సొమ్ము. కాని పల్నాడు జిల్లాలోని అమరావతిలో నేలపై పార వేయుటకు అర్హులెవ్వరు అను ప్రశ్న తేలుటకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ నడుమ పోయినది మరల రాలేదు.

రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1790లలో తన రాజధానిని చింతపల్లి నుండి మార్చి, అమరేశ్వరుని సన్నిధిని అమరావతీ పట్టణమును కట్టించెను. పట్టణమునకు ఇటుక కావలెను, రాయి కావలెను. ధరణికోట చెంతనే దీపాలదిన్నె యను మట్టిదిబ్బ యుండెను. రాజుగారి పనివాండ్రు దానిని త్రవ్విరి. పెద్ద పెద్ద ఇటుకలు, వాని వెంట చెక్కడపు పలకలు వెలువడెను. అవి మౌర్యుల కాలమున మొదలై శాతవాహనుల కాలమున శిల్పశోభ సంతరించుకొన్న మహాచైత్యపు రాళ్లని వారికెట్లు తెలియును? వారు ఇటుకల కొరకు కూలికి కుదిరినవారు. పల్నాటి సున్నపురాతిపై చెక్కిన ఆ పలకలలో కొన్ని శివగంగ చెరువు మెట్లకు పోయినవి. కొన్ని ఇతర కట్టడములలో చేరినవి.

సర్వేయరు కాలిన్ మెకంజీ ఆ దశాబ్దము చివరనే వచ్చి దిన్నెను చూచెను. 1816లో సహాయకులతో తిరిగి వచ్చునప్పటికి దాని నడుమ చెరువు త్రవ్వబడియుండెను! ఆయన పరివారము కొలతలు తీసి, శిల్పములకు చిత్రములు వ్రాసిరి. ఆ చిత్రములలోని కొన్ని రాళ్లు నేడెక్కడను కానరావు. కాగితము మాత్రము నిలిచినది. 1845లో వాల్టర్ ఎలియట్ మరల త్రవ్వించి శిల్పములను మద్రాసునకు చేర్చెను. వానిలో పెక్కింటిని తరువాత ఓడలపై లండనుకు పంపిరి. బ్రిటిష్ మ్యూజియములో నేడు నూటికి పైగా అమరావతి శిల్పములున్నవి.

ఇంతవరకు జరిగినదానిని తెలియనితనమని మేము సరిపెట్టుకొనగలము. 1880లో జరిగినది అట్టిది కాదు. అప్పటికే 1877లో రాబర్ట్ సూయెల్ దిన్నెలో ఒక భాగమును త్రవ్వి, కనిపించినదానిని వివరముగా వ్రాసికొనియుండెను. త్రవ్వు పద్ధతి ఒకటి కలదని దొరతనమునకు తెలియును. అయినను మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు దిన్నెను పూర్తిగా తవ్వి శుభ్రము చేయుడని ఉత్తరువిచ్చెను. పురావస్తువేత్త పర్యవేక్షణ లేకయే ఆ పని సాగినది. 1881 చివర జేమ్స్ బర్జెస్ వచ్చి చూచునప్పటికి చైత్యమున్న చోట పెద్ద గొయ్యి యుండెను. ఏ పలక ఏ దిక్కున నిలిచియుండెనో, దేని ప్రక్కన ఏది యుండెనో సరిగా వ్రాసిపెట్టబడలేదు. ప్రాకారమును, అండమును ఊహించి గీయు పండితులు నేటికిని తమలో తాము వాదించుకొనుటకు కారణమిదియే. కూలివాని పారకంటె అధికారి కలము ఎక్కువ లోతు త్రవ్విన సందర్భమిది.

పిదప అలెగ్జాండర్ రీ 1905-1909 నడుమ మిగిలినదానిని శ్రద్ధతో వెదకి మరికొన్ని శిల్పములను వెలికి తీసెను. 1904లో పురాతన కట్టడముల రక్షణకు చట్టము వచ్చినది. స్వతంత్ర భారతమున 1958లో మరింత పకడ్బందీ చట్టము వచ్చినది. రక్షిత ప్రదేశములో నేడు త్రవ్వవలెనన్నచో పురావస్తు శాఖాధికారి కావలెను, లేదా లైసెన్సు పొందినవాడు కావలెను. భూమి తనదేయైనను యజమానికి ఆ స్వేచ్ఛ లేదు. అయితే ఆ చట్టములో ఒక చిన్న సడలింపు మాకు ముచ్చట గొలిపినది: ఒక అడుగుకు మించి మన్ను త్రవ్వని సేద్యమునకు అభ్యంతరము లేదు! నాగలికి అడుగు లోతు వరకు అనుమతి. చరిత్ర దాని క్రింద నిద్రించును. 2010 సవరణ ప్రకారము రక్షిత ప్రదేశమునకు 100 మీటర్ల వరకు క్రొత్త కట్టడము నిషిద్ధము. ఆపై 200 మీటర్ల వరకు అనుమతి పొందవలెను. ఆ మేర ఇల్లున్న గృహస్థులకు ఇది చిక్కే. కాని ఈ పట్టణపు పూర్వకథ తెలిసినవారికి కారణము వేరుగ చెప్పనక్కరలేదు.

పురావస్తు శాఖలో ఉద్యానములకై ఆగ్రా కేంద్రముగా ఒక ప్రత్యేక విభాగమే కలదు. కట్టడము చెంత తోట వేయుట పెరటి తోట వంటిది కాదు. నీరు ఎక్కువైనచో పునాది చెమ్మగిల్లును. వేరు లోతుగా పోయినచో ఇటుక విడిపోవును. అందుచేత పచ్చికయే మేలు, దాని వేళ్లు పైపైననే యుండును. చిత్రమేమనగా, ఆ బౌద్ధ చైత్యపు ఇటుకల సందున మొలక కనిపించినచో తోటమాలి అన్నిటికంటె ముందుగా పెరికివేయవలసినది రావి మొక్కను.