జోయిగె చిత్తడి నేలల పునరుద్ధరణ

టిబెట్ పీఠభూమి తూర్పు అంచున, దాదాపు 3,400 మీటర్ల ఎత్తున పరుచుకున్న చిత్తడి ప్రాంతం జోయిగె. చైనీయులు రువోర్‌గై అంటారు. ఎగువ పసుపు నదికి నీరందించే ఈ మైదానాల్లో తుంగజాతి మొక్కలు పూర్తిగా కుళ్లకుండానే పొరలుపొరలుగా పేరుకుని పీట్ నేలగా మారాయి. వేల ఏళ్ల కర్బనం అందులో నిలవుంది.

1960, 70 దశకాల్లో మేత భూములు పెంచాలని ఇక్కడ కాలువలు తవ్వి నీటిని బయటికి మళ్లించారు. అసలు నష్టం నేల లోపల జరిగింది.

నీరు నిలిచిన నేలకు ఆక్సిజన్ సరిగా అందదు. లిగ్నిన్, ఫీనాల్ వంటి మొండి పదార్థాలను విడగొట్టే శిలీంధ్రాల ఎంజైములు ఆక్సిజన్ లేకుండా పనిచేయలేవు. ఆ నిస్సహాయతే కర్బనానికి కాపలా. నీటిమట్టం దిగితే గాలి చొరబడుతుంది, శిలీంధ్రాలు విజృంభిస్తాయి, పీట్ క్రమంగా కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతుంది. దీనికి మితిమీరిన మేత తోడైతే జడలబర్రెల, గొర్రెల డెక్కల కింద నేల బిగుసుకుంటుంది. వేర్లకు చేరే పోషణ తగ్గుతుంది. పేడ, మూత్రం వల్ల నత్రజని పెరిగిన చోట శిలీంధ్రజాతుల కూర్పూ మారుతుంది.

కాలువలకు అడ్డుకట్టలు, మేతకు విరామం ఇక్కడి ప్రధాన చికిత్సలు. పచ్చదనం కొన్నేళ్లలో తిరిగొస్తుంది. పీట్ మాత్రం సాధారణంగా ఏడాదికి మిల్లీమీటరు మందమైనా పెరగదు. తిరిగి తడిసిన నేల మీథేన్‌ను వదులుతుంది, నిజమే. కానీ ఆ వాయువు గాలిలో సుమారు పన్నెండేళ్లే ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ శతాబ్దాలు నిలుస్తుంది. కాబట్టి తడపడమే మేలు.

మేతను ఆపేందుకు కేవలం కంచె వేసి కాలువను వదిలేస్తే ఈ నేల కోలుకోదు. ముందు నీరు తిరిగి రావాలి.