ఆచేలో కుదిరిన సుల్హ్

ఇండోనేషియాలోని ఆచే రాష్ట్రానికి ‘మక్కా వసారా’ అని పేరు. అక్కడ 1976లో స్వతంత్ర దేశం కావాలని తిరుగుబాటు లేచింది. సర్కారు సైన్యంలోనూ, తిరుగుబాటుదార్లలోనూ ఎక్కువమంది ముస్లిములే. ముప్పయ్యేళ్లు నలిగింది పల్లె జనం. 2002 డిసెంబరులో చేసుకున్న ఒప్పందం ఆరు నెలలైనా నిలవలేదు. 2004 డిసెంబరు 26న సునామీ లక్షకు పైగా ప్రాణాలు తీసుకుపోయింది.

ఆ తర్వాత ఫిన్లాండు మాజీ అధ్యక్షుడు అహ్తిసారి మధ్యవర్తిగా, 2005 ఆగస్టు 15న హెల్సింకీలో రాజీ కుదిరింది. వాళ్లు స్వతంత్రం మాట వదిలి 840 ఆయుధాలు అప్పగించారు. సర్కారు బయటినుంచి తెచ్చిన సైన్యాన్ని వెనక్కి పిలిచి, ఖైదీలను వదిలి, స్థానిక పార్టీలకు ఒప్పుకుంది. సునామీకి కూలిన జైల్లోంచి బయటపడ్డ ఇర్వందీ యూసుఫ్ 2006 ఎన్నికల్లో గవర్నరు అయ్యాడు.

అయితే చనిపోయినవారి నిజానిజాలు తేల్చే కమిషను 2016కి గాని ఏర్పడలేదు. సుల్హ్ నిలవాలంటే ఇరువైపులవారూ ఏదో ఒకటి వదులుకోవాలి. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి జవాబు కూడా చెప్పాలి.