కాలేయ మార్పిడి చరిత్రలో యాంటీబయాటిక్ నిరోధకత - ఒక పరిశీలన

కాలేయ మార్పిడి చరిత్రను శస్త్రవైద్యుల నైపుణ్యం, రోగనిరోధక శక్తిని అణచే మందుల ఆవిష్కరణ అనే రెండు పాయలుగా చెప్పడం పరిపాటి. ఆ రెండింటికీ ఆధారమైన మూడవ పాయ యాంటీబయాటిక్ మందులు. ఆ ఆధారం ఎలా సడలుతూ వచ్చిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1963 మార్చి 1న అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జల్ మనిషికి తొలి కాలేయ మార్పిడి చేశారు. మూడేళ్ల ఆ బాలుడు రక్తస్రావంతో మరణించాడు. మార్పిడి తర్వాత రోగి ఏడాదికి పైగా జీవించడం 1967లో చేసిన శస్త్రచికిత్సతో మొదలైంది. ఆనాటి వైద్యులను తీవ్రంగా కలవరపెట్టిన సమస్యల్లో ఇన్ఫెక్షన్ ఒకటి. దీనికి కారణం శరీర నిర్మాణంలోనే ఉంది. పైత్యరస నాళం పేగులోకి తెరుచుకుంటుంది. అతుకు వద్ద పైత్యరసం కారినా, నాళానికి రక్తప్రసరణ తగ్గినా పేగులోని బాక్టీరియాకు దారి దొరుకుతుంది. కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా ఆనాడు అధిక మోతాదులో వాడిన స్టెరాయిడ్లు రోగి రక్షణ శక్తిని మరింత కుంగదీశాయి.

1978లో కేంబ్రిడ్జ్‌లో రాయ్ కాన్ సైక్లోస్పోరిన్‌ను అవయవ మార్పిడి రోగులకు వాడటం మొదలుపెట్టారు. స్టెరాయిడ్ల అవసరం తగ్గింది. 1983 నాటికి కాలేయ మార్పిడి ప్రయోగదశ దాటి, చికిత్సగా గుర్తింపు పొందింది.

అయితే ఈ విజయగాథకు సమాంతరంగా మరొక చరిత్ర నడిచింది. పెన్సిలిన్‌ను చాలీచాలని మోతాదులో వాడితే సూక్ష్మజీవులు దానికి లొంగకుండా పోతాయని అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లోనే హెచ్చరించారు. తొలి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. అది వెలువడిన లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు సారథ్యం వహించినది భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆశలు నింపిన ఆ దశ ఎంతోకాలం నిలవలేదు. మెథిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్ 1961లో, వాంకోమైసిన్‌కు లొంగని ఎంటరోకాకస్ 1980ల చివర బయటపడ్డాయి. తరువాత కార్బపెనెమ్ మందులకూ లొంగని క్లెబ్సియెల్లా వచ్చింది.

కాలేయ రోగి ఈ రెండు చరిత్రలు కలిసే చోట నిలుచున్నాడు. సిరోసిస్ రోగులు మార్పిడికి ముందే పలుమార్లు ఆసుపత్రిలో చేరి యాంటీబయాటిక్స్ వాడి ఉంటారు. అందువల్ల నిరోధక బాక్టీరియా వారి పేగులో ముందుగానే స్థిరపడే అవకాశం ఎక్కువ. మూత్రపిండాలకు హాని చేస్తుందని 1970లలో పక్కనపెట్టిన కొలిస్టిన్‌ను వైద్యులు మళ్లీ ఆశ్రయించవలసి వచ్చింది. తిరస్కరణను నివారించే టాక్రోలిమస్ కూడా మూత్రపిండాలకు భారమే. కాలేయాన్ని కాపాడబోతే మూత్రపిండాలు దెబ్బతినే సంకటం ఇది.

భారతదేశంలో అవయవ మార్పిడి చట్టం 1994లో వచ్చింది. 1998లో ఢిల్లీలో కాలేయ మార్పిడి విజయవంతమైంది. 2010లో ఎన్‌డీఎం-1 నిరోధకతపై అంతర్జాతీయ చర్చ చెలరేగినప్పుడు, మన దేశంలో వాదం చాలావరకు ఆ పేరులోని ‘న్యూఢిల్లీ’ చుట్టూ తిరిగింది. చీటీ లేకుండా మందులు అమ్మే అలవాటు మీద అంత చర్చ జరగలేదు.

కాబట్టి మార్పిడి పొందిన కాలేయం భవితవ్యం శస్త్రచికిత్స గదిలోనే తేలదు. వీధి మందుల దుకాణంలో జ్వరానికి అనవసరంగా కొనే యాంటీబయాటిక్ కూడా అందులో భాగస్వామి. ఈ మూడవ పాయను విస్మరించిన కాలేయ మార్పిడి చరిత్ర అసంపూర్ణమే.