వేపపుల్లయు బోరునీరును

ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే ఆధారమైన అనంతపురపు మెట్టసీమలో, వేకువనే వేపపుల్లనో కానుగపుల్లనో విఱిచి, కొన నమలి కుంచెగా జేసి పండ్లు తోమికొని, పిదప దానినే నిలువున చీల్చి నాలుక గీచికొనుట పల్లెవాసులకు పరంపరాగతమైన ఆచారము. పట్టణములలో పండ్లపొడియు, పిమ్మట పేస్టును బ్రష్షును ఆ స్థానము నాక్రమించినవి. అయినను చెఱువులును బావులును ఎండి, బోర్లు రాతిపొరల లోతులకు దిగిన కొలది, నీటిలో ఫ్లోరైడు అధికమై, ఎంత తోమినను మాయని గోధుమవన్నె మచ్చలు పెక్కు పల్లెల పిల్లల పండ్లపై నిలిచినవి. 1937లోనే నాటి మదరాసు రాజధానియందు వైద్యులు ఫ్లోరైడువలన కలుగు ఈ ఫ్లోరోసిస్ వ్యాధిని గుర్తించిరి. 1990 దశకమున సత్యసాయి తాగునీటి పథకము అనంతపురము జిల్లాలో వందలాది గ్రామములకు నీరందించినది. నిర్మలజలము లేనిదే ఏ దంతధావనమును సఫలము కానేరదు.