పగిలిన పలకల అరుగు

ఇల్లు కట్టునపుడు మేస్త్రి చేతిలో పింగాణీ పలక పగిలినచో, దానిని చెత్తకుప్పలో పారవేయుట సామాన్యము. స్పెయిన్ దేశములోని బార్సిలోనా నగరమునకు పేరు తెచ్చిన ఒక అరుగు మాత్రము అట్టి ముక్కలతోనే తయారైనది.

1900లో యూసేబి గ్వెల్ అను పారిశ్రామికుడు నగరపు అంచున ఒక కొండవాలుపై సంపన్నులకు ఇండ్ల స్థలములతో కూడిన ఉద్యానమును నిర్మింపదలచెను. ఆ పని ఆంతోనీ గౌడి అను వాస్తుశిల్పికి అప్పగింపబడెను. గౌడి ఆ కొండరాతినే దారులకు, ఊతగోడలకు వాడెను. 86 స్తంభముల మండపముపై విశాలమైన మైదానమును ఏర్పరచి, దాని అంచున పామువలె మెలికలు తిరుగు అరుగును కట్టించెను. దాని పొడవు సుమారు 110 మీటర్లు. అదియే పిట్టగోడ, అదియే ఆసనము. మెలిక లోపల కూర్చున్నవారు ఒకరికొకరు ఎదురుగా మాటలాడుకొనవచ్చును.

ఇట్టి అరుగుపై పలకలు పరచుట ఎట్లు? చదునైన పలక వంపుపై ఆనదు. 1 మీటరు వ్యాసార్ధము గల వంపుపై 20 సెంటీమీటర్ల పలకను ఉంచినచో, నడుమ తాకి, అంచులు సుమారు 5 మిల్లీమీటర్లు పైకి లేచును. 5 సెంటీమీటర్ల ముక్కకు ఆ ఎడము 0.3 మిల్లీమీటరు మాత్రమే. ముక్క పొడవు నాలుగవ వంతైనచో ఎడము పదునారవ వంతగును. మిగిలిన కొద్దిపాటి సందును గార పూడ్చును. కొబ్బరికాయపై పెద్ద కాగితమును అంటించినచో ముడుతలు పడును. చిన్న ముక్కలు చక్కగా అమరును. విద్యార్థులు ఇది స్వయముగా చేసి చూడవచ్చును.

కావున పగులుట ఇక్కడ లోపము కాలేదు, పనికి సాధనమైనది. కర్మాగారములు తీసివేసిన పలకలను, పాత్రల పెంకులను సేకరించి, రంగులు ఎంచి అమర్చిన పనిలో గౌడి సహచరుడు జోసెప్ మరియా జుజోల్‌ది ముఖ్యపాత్ర. ఈ పద్ధతిని కాటలన్ భాషలో త్రెంకదీస్ అందురు. ఆ మాటకు పగులగొట్టినది అని అర్థము.

వ్యాపారముగా ఆ ఉద్యానము విఫలమైనది. సుమారు 60 స్థలములు ఏర్పరచినను, లేచిన ఇండ్లు రెండే. 1914లో పని నిలిచిపోయెను. 1918లో గ్వెల్ మరణించెను. 1922లో నగరపాలకులు దానిని కొని, 1926లో పౌరులకు తెరచిరి. 1984లో అది ప్రపంచ వారసత్వ సంపదలలో చేరినది. కొలది కుటుంబముల కొరకు తలపెట్టిన తోట ఊరివారిదైనది. చెత్తకుప్పకు పోవలసిన పెంకులు వారికి ఆసనమైనవి.