పౌలు మొదటి థెస్సలొనీకలేఖ: వాత్సల్యపద విచారము

క్రైస్తవ వాఙ్మయమున ఇప్పుడు లభించుచున్న గ్రంథములలో మిక్కిలి ప్రాచీనమైనది పౌలు థెస్సలొనీకలోని సంఘమునకు వ్రాసిన మొదటి లేఖయని పెక్కుమంది విమర్శకుల మతము. సువార్తలు నాలుగును వెలువడుటకు పూర్వమే, క్రీ. శ. 50 ప్రాంతమున, ఇది కొరింథునుండి పంపబడెను. ఇందలి రెండవ అధ్యాయమున బోధకుడు తన్ను మొదట బిడ్డలను పోషించు తల్లితోను, పిమ్మట తండ్రితోను పోల్చుకొనినాడు. శిష్యులయెడ బోధకునకుండవలసిన నిస్స్వార్థప్రేమకు ఈ పోలికను క్రైస్తవలోకము ప్రమాణముగా గ్రహించినది. అయితే ఈ మాటలు ఆనాటి వక్తల సంప్రదాయము ననుసరించిన అలంకారమా, లేక నడచిన చరిత్రకు సాక్ష్యమా? ఇచ్చట విచారింపదలచినది ఇంతమాత్రమే.

మొదట దేశకాలములు. థెస్సలొనీక మాసిడోనియా దేశమునకు ముఖ్యపట్టణము. రోమకుల ఎగ్నాతియా రాజమార్గముమీద నున్న గొప్ప రేవు. క్రీ. పూ. నాల్గవ శతాబ్దిలో కస్సాండరు దీనిని కట్టించి, అలెగ్జాండరునకు సవతిసోదరియైన తన భార్యపేరు పెట్టెను. ఈ పురాధికారులను ‘పొలిటార్కులు’ అను పేర అపొస్తలుల కార్యములు పేర్కొనుచున్నది. గ్రీకు సాహిత్యమున అరుదైన ఈ పదము ఆ నగరపు తోరణముపై చెక్కబడిన శాసనమున కానవచ్చినది. ఆ శిల ఇప్పుడు లండను నగరమందలి బ్రిటిషు మ్యూజియములో నున్నది. లేఖాకాలమును నిర్ణయించుటకు డెల్ఫీ క్షేత్రమున దొరకిన క్లౌదియ చక్రవర్తి శాసనము ఆధారము. అందు పేర్కొనబడిన గల్లియో క్రీ. శ. 51–52 ప్రాంతమున అకయకు అధిపతి; పౌలు కొరింథులో నుండగా విచారణకై నిలువబడినది ఈతని యెదుటనే.

థెస్సలొనీకలో పౌలు చిరకాల ముండలేదు. పట్టణమున అల్లరి పుట్టి, ఆతిథ్యమిచ్చిన యాసోను అధికారులకు జామీను చెల్లింపవలసి వచ్చెను. పౌలును సిల్వానును రాత్రివేళ బెరయకు పంపివేయబడిరి. అప్పుడే పుట్టిన సంఘము ఆపదలో నుండగా బోధకులు వెడలిపోయిరి. ఇట్టి స్థితిలో విడిచిపోయినవాని ప్రేమను శంకించుటకు ఎవ్వరికైనను అవకాశ మేర్పడును. లేఖలోని తల్లిదండ్రుల ప్రసంగమునకు వెనుకనున్న పరిస్థితి ఇది.

ఇక మాతృకలోని పదములు. రెండవ అధ్యాయము 7వ వచనమున పాఠభేద మొకటి కలదు. కొన్ని ప్రతులలో ‘ఏపియోయి’ అని యున్నది, సౌమ్యులమని యర్థము. మరికొన్నిట ‘నేపియోయి’ అని యున్నది, పసిబిడ్డలమని యర్థము. భేదము నకార మొక్కటియే. దీనికి ముందున్న ‘ఎగెనేథేమెన్’ అను క్రియ నకారాంతము. పదములను విడదీయక వ్రాయు ఆ కాలపు లేఖకుడు నకారమును రెండుమారులు వ్రాసెనో, రెండుండగా ఒకదానిని వదలెనో నిర్ణయించుట కష్టము. తాళపత్రములను పరిష్కరించిన మన పండితులకు ఇట్టి చిక్కు క్రొత్తది కాదు. మూడవ శతాబ్దపు పపైరసు ఖండ మొకటియు, నాల్గవ శతాబ్దపు వాటికను ప్రతియు, సినాయి ప్రతిలోని మొదటి చేవ్రాతయు ‘పసిబిడ్డల’ పాఠమునే చూపుచున్నవి. అయిదవ శతాబ్దపు అలెగ్జాండ్రియ ప్రతి ‘సౌమ్య’ పాఠమును చూపును. తెలుగు బైబిలు ఈ రెండవ పాఠమునే అనుసరించినది. 1979లో వెలువడిన నెస్లె–ఆలండు ముద్రణము పసిబిడ్డల పాఠమును గ్రహించెను. బిడ్డయని చెప్పుకొన్నవాడు వెంటనే తల్లియని యెట్లు చెప్పుకొనునని ఆక్షేపించువారు కలరు. కాని ప్రాచీనప్రతుల బలము ఆ పక్షముననే యధికము. లేఖకులు క్లిష్టపాఠమును సులభపాఠముగా దిద్దుట సహజము గాని, సులభమును క్లిష్టముగా మార్చుట అరుదు. పాఠ మేదైనను అధికారమును చూపక యుండుటయే తాత్పర్యము.

తల్లిని చెప్పు పదము ‘త్రొఫొస్’. దీనికి సామాన్యార్థము దాది. కాని ఆమె పోషించునది ‘తన సొంత బిడ్డలను’ అని విశేషణము చేర్చబడినది. జీతమునకు పరుల శిశువును పెంచు దాదికిని, తన గర్భవాసమున పుట్టినవానిని పెంచు తల్లికిని గల భేదము ఈ ఒక్క విశేషణమున తేటపడుచున్నది. ఆమె చేయు పనిని చెప్పు ధాతువు ‘థల్పో’. వెచ్చజేయుట దాని మూలార్థము. పాతనిబంధన గ్రీకు అనువాదమున, ద్వితీయోపదేశకాండములో, పిల్లలను పొదుగుకొని కూర్చున్న పక్షికి ఈ ధాతువే వాడబడినది. మన ‘వాత్సల్య’ శబ్దము వత్సముమీది గోవు ప్రేమనుండి పుట్టినట్లే, ఇచ్చటి పదము రెక్కల వెచ్చదనమును స్ఫురింపజేయును.

ఇచ్చట పూర్వపక్షము. ఆ కాలమున ఊరూర తిరుగుచు ఉపన్యసించు తత్త్వవేత్తలు పెక్కురుండిరి. లాభమునకును కీర్తికిని మాటలాడువారిని నిందించి, హితమునే కోరు ఉపదేశకుని శ్లాఘించుట వారిలో ఉత్తములకు పరిపాటి. పౌలునకు కొంత తరువాతివాడైన డియో క్రిసొస్తొము అలెగ్జాండ్రియలో చేసిన ప్రసంగమున ఇట్టి వివేచనమే కలదు. దీనిని బట్టి అబ్రహాము మాల్‌హెర్బె అను పండితుడు 1970లో, పౌలు మాటలు ఆ సంప్రదాయములోనివేయనియు, నిజముగా ఎవరో చేసిన యభియోగమునకు ప్రత్యుత్తరములని ఊహింప నవసరము లేదనియు ప్రతిపాదించెను. ఈ వాదమున బలము కలదు. పౌలు తన కాలపు వాక్సరణిని ఎరుగక వ్రాసినవాడు కాడు.

అయినను సరణి పరకీయమైనంతమాత్రమున విషయ మసత్యము కానేరదు. ఉపమానము ముగిసిన వెంటనే, 9వ వచనమున, తాము ఎవ్వరికిని భారము కాకుండుటకై రాత్రింబవళ్లు కష్టించి పనిచేసితిమని వారికి జ్ఞాపకము చేయుచున్నాడు. ఇతని వృత్తి డేరాలు కుట్టుటయని అపొస్తలుల కార్యములు చెప్పుచున్నది. ఈ లేఖ సంఘమంతటి యెదుట చదువబడవలెనని చివర ఆన పెట్టినవాడును ఇతడే. కొలది మాసముల క్రిందట తన్ను పనిలో చూచినవారికే అతడిట్లు వ్రాయుచున్నాడు. అసత్యమైనచో ఆ సభలో కూర్చున్న ఏ కూలివాడైనను దానిని ఖండింపగలడు. అలంకారము సంప్రదాయమునుండి రావచ్చును; సాక్షులు మాత్రము ఆ యూరివారే.

మరియొక ఆక్షేపణ కలదు. ఫిలిప్పీవారు తాను థెస్సలొనీకలో నుండగనే ఒకటి రెండుసారులు సహాయము పంపిరని పౌలే వారికి వ్రాసినాడు. అట్లైన నిస్స్వార్థత పూర్ణమెట్లగును? కొరింథీయులకు వ్రాసిన రెండవ లేఖలో దీనికి సమాధానము దొరకును. తల్లిదండ్రులు బిడ్డలకొరకు కూడబెట్టవలెను గాని, బిడ్డలు తల్లిదండ్రులకొరకు కూడబెట్టవలసిన పనిలేదని యచ్చట అతడు చెప్పుచున్నాడు. దానము నెన్నడును గ్రహింపననుట అతని నియమము కాదు. తన పోషణలోనున్న పసిసంఘమునుండి గ్రహింపడు. ఎదిగిన సంఘము ప్రేమతో పంపినదానిని కాదనడు.

తండ్రి పోలికకు మరియొక భయము కలదు. తండ్రినని చెప్పుకొనువాడు శిష్యులను ఎన్నటికిని బాలురుగనే యుంచి ఏలుటకు ఆ మాటను సాధనము చేసికొనవచ్చును. కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలో తండ్రియైన పౌలే బెత్తమును స్మరించినాడు. క్రైస్తవచరిత్రలో తండ్రియను బిరుదము పాలనకు మారుపేరైన సందర్భములు లేకపోలేదు. అయితే ఈ లేఖలో అతడు వారిని ‘సోదరులారా’ యని పదునాలుగుసారులు పిలిచెను. ఎవరిచేతులతో వారు పనిచేసి, ఒకరిమీద నాధారపడక బ్రదుకవలెనని నాల్గవ అధ్యాయమున కోరెను. బిడ్డలు తమ కాళ్లపై నిలువవలెనని కోరుటయే తల్లిదండ్రుల ప్రేమకును యజమానుని ప్రేమకును భేదము.

తుదకు 17వ వచనమున ఈ పోలిక తలక్రిందగుచున్నది. తాము వారినుండి ఎడబాసి ‘అనాథలమైతిమి’ అని పౌలు వ్రాయుచున్నాడు. ఇచ్చటి క్రియకు మూలమైన ‘ఒర్ఫనొస్’ శబ్దమును సంస్కృత ‘అర్భ’ శబ్దమును ఏకమూలకములని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు; మన ‘అర్భకుడు’ దానినుండి వచ్చినవాడే. తల్లియు తండ్రియునైనవాడే బిడ్డలు లేక దిక్కులేని యర్భకుడైనాడు. ఏథెన్సులో తానొంటరిగా నిలిచి తిమోతిని వారి క్షేమమరయ పంపెను. వారు స్థిరముగా నున్నారన్న వార్త వినిన పిమ్మటనే తనకు ప్రాణము వచ్చినదని మూడవ అధ్యాయమున చెప్పుకొనెను.

కావున పౌలు పోలికను వాక్చమత్కృతియని త్రోసివేయుటయు, పదముల మాధుర్యమును చూచియే నమ్ముటయు సమముగా తొందరపాట్లు. వాత్సల్యమునకు అతడు చూపిన నిదర్శనములు మూడు: తన కూడు తాను సంపాదించుకొనుట, బిడ్డలను స్వతంత్రులుగా కోరుట, వారి యెడబాటున తానే అనాథయగుట. బోధకుడు తల్లివంటివాడని చెప్పబడినచోట నెల్ల చరిత్రకారుడు ఈ మూటిని వెదకవలెను. మొదటి దానికి డేరాలు కుట్టిన చేతులే సాక్ష్యము.