మొటిమలకు లేజరా, ఇంజెక్షనా? ఏది ఎవరికి, ఎప్పుడు?

పెళ్లి ముహూర్తానికి నాలుగు రోజుల ముందు ఒకరి చెంప మీద మొటిమ లేస్తుంది. పైకి తెల్లటి మొన కనిపించదు. లోపల గట్టిగా ఉండి, ముట్టుకుంటే నొప్పి పుడుతుంది. మరొకరికి మొటిమలు తగ్గి ఐదేళ్లయినా చెంపల మీద గుంటలు అలాగే ఉన్నాయి. ఇంకొకరికి పదిహేడేళ్లు. నుదురు, బుగ్గలు, వీపు నిండా కొత్త మొటిమలు వస్తూనే ఉన్నాయి. ముగ్గురూ చర్మవైద్యుల వద్దకు వెళ్లి అడిగే ప్రశ్న తరచుగా ఒకటే: లేజర్ మంచిదా, ఇంజెక్షన్ మంచిదా?

ముగ్గురికీ సమాధానం వేర్వేరుగా ఉంటుంది. ఈ రెండూ ఒకే పనిని రెండు రకాలుగా చేసే చికిత్సలు కావు. వాపుతో ఉబ్బిన ఒక మొటిమను త్వరగా అణచడానికి ఇంజెక్షన్ ఉపయోగపడుతుంది. లేజర్‌ను ఎక్కువగా మొటిమలు మిగిల్చిన గుంటలను సరిచేయడానికి వాడతారు. కొత్త రకం లేజర్లు కొన్ని మొటిమలకే చికిత్సగా వచ్చాయి. ఈ తేడా తెలియక తొందరపడితే డబ్బు వృథా కావడమే కాదు, ముఖం మీద కొత్త గుంటో నల్లమచ్చో మిగిలే ప్రమాదం ఉంది.

మొటిమ ఎలా పుడుతుంది?

చర్మంలోని ప్రతి రోమకూపానికీ ఒక తైల గ్రంథి అనుబంధంగా ఉంటుంది. యుక్తవయసులో హార్మోన్ల ప్రభావంతో ఈ గ్రంథులు ఎక్కువ తైలాన్ని స్రవిస్తాయి. మృతకణాలు రోమకూపాన్ని మూసివేస్తాయి. లోపల చిక్కుకున్న తైలంలో 'క్యూటీబ్యాక్టీరియం ఏక్నెస్' అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. దానికి ప్రతిస్పందనగా వాపు, ఎరుపు, చీము ఏర్పడతాయి. వాపు చర్మం లోతుకు పాకితే గట్టి గడ్డలు, తిత్తులు వస్తాయి. శాశ్వతమైన గుంటలకు ఎక్కువగా కారణమయ్యేవి ఇవే. అందువల్ల చికిత్సలో ఆలస్యం కాకుండా చూడడం ముఖ్యం.

ఇంజెక్షన్ ఏం చేస్తుంది?

లోతైన గడ్డలోకి చర్మవైద్యులు సన్నటి సూదితో 'ట్రయామ్సినొలోన్ ఎసిటోనైడ్' అనే స్టెరాయిడ్‌ను అతి స్వల్ప మోతాదులో ఎక్కిస్తారు. మన దేశంలో ఈ మందు సాధారణంగా మిల్లీలీటరుకు 10 లేదా 40 మిల్లీగ్రాముల గాఢతలో దొరుకుతుంది. ముఖానికి వాడేటప్పుడు దానిని సుమారు 2.5 నుంచి 5 మిల్లీగ్రాముల గాఢతకు పలుచన చేస్తారు. ఒక్కో గడ్డకు ఎక్కించేది 0.1 మిల్లీలీటరు లేదా అంతకన్నా తక్కువ.

సాధారణంగా 2, 3 రోజుల్లో నొప్పి, వాపు తగ్గుముఖం పడతాయి. పెళ్లి, ఇంటర్వ్యూ వంటి సందర్భాల ముందు వైద్యులు దీనిని ఎంచుకోవడానికి కారణం ఈ వేగమే. గుంటగా మారే ముప్పున్న గడ్డను తొందరగా చల్లార్చడం మరో ప్రయోజనం.

అయితే దీనికి పరిమితి ఉంది. ఇంజెక్షన్ చేసిన గడ్డ మాత్రమే తగ్గుతుంది. రేపు పక్కన రాబోయే మొటిమను అది ఆపలేదు. మోతాదు ఎక్కువైనా, సూది సరైన లోతులో పడకపోయినా ఆ చోట చర్మం పలుచబడి చిన్న గుంట పడవచ్చు, రంగు తగ్గి తెల్లబారవచ్చు, సన్నని రక్తనాళాలు బయటికి కనిపించవచ్చు. ఈ గుంట చాలామందిలో కొన్ని నెలల్లో దానంతటదే పూడుతుంది, కానీ అందరిలోనూ అలా జరుగుతుందని చెప్పలేం. ముఖమంతటా ఉన్న చిన్న మొటిమలకు, బ్లాక్‌హెడ్స్‌కు ఈ ఇంజెక్షన్ తగినది కాదు.

లేజర్ ఏం చేస్తుంది?

ఒక నిర్దిష్ట తరంగదైర్ఘ్యం గల కాంతిని చర్మంలోని ఒక భాగం మాత్రమే ఎక్కువగా గ్రహించి వేడెక్కితే, చుట్టుపక్కల భాగానికి హాని కలగకుండా దానిపైనే పని చేయవచ్చు. అమెరికా వైద్యులు రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ 1983లో ప్రతిపాదించిన ఈ సూత్రమే నేటి చర్మ లేజర్లలో అనేకానికి పునాది.

మొటిమలకు సంబంధించి లేజర్లను రెండు వర్గాలుగా చూడాలి. మొదటిది తైల గ్రంథిని లక్ష్యంగా చేసుకునేది. 1726 నానోమీటర్ల కాంతిని చర్మంలోని తైలం బాగా గ్రహిస్తుంది. ఈ కాంతితో పని చేసే పరికరాలకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2022లో అనుమతి ఇచ్చింది. చర్మం పైపొరను చల్లబరుస్తూ లోపలి గ్రంథిని వేడి చేయడం వీటి పద్ధతి. కొన్ని వారాల ఎడంతో పలు విడతలు అవసరమవుతాయి. ఫలితం రోజుల్లో కాదు, నెలల్లో కనిపిస్తుంది. మొదట్లో కొందరికి మొటిమలు పెరిగినట్లు అనిపించవచ్చు.

రెండోది గుంటలను సరిచేసేది. ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్ చర్మంలో కంటికి కనిపించని సూక్ష్మరంధ్రాలు చేస్తుంది. వాటి మధ్య చర్మాన్ని తాకకుండా వదిలివేయడం వల్ల గాయం త్వరగా మానుతుంది, కొత్త కొలాజెన్ ఏర్పడి గుంట లోతు తగ్గుతుంది. దీనికీ పలు విడతలు కావాలి. ప్రతి విడత తర్వాత కొన్ని రోజులు ఎరుపు, వాపు, సన్నటి చెక్కులు ఉంటాయి. గుంటలు తగ్గుతాయే తప్ప పూర్తిగా మాయం కావు.

మచ్చను బట్టి సూది

మచ్చల చికిత్సలోనూ సూదికి స్థానం ఉంది. ఇక్కడే గందరగోళమూ ఎక్కువ. ఛాతీ, భుజాలు, దవడ మీద పైకి ఉబికిన గట్టి మచ్చలకు, కెలాయిడ్లకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. లోపలికి దిగిన గుంటకు అదే మందు ఇస్తే అది మరింత లోతవుతుంది. దిగిన గుంటలను పైకి లేపడానికి హైలురోనిక్ ఆమ్లం వంటి ఫిల్లర్లు వాడతారు, కానీ వాటి ప్రభావం తాత్కాలికం. అడుగున ఉన్న నారపోగులు చర్మాన్ని కిందికి లాగుతుంటే, సూదితో వాటిని తెంచే 'సబ్‌సిషన్' చేస్తారు. సూదితో పొడిచినట్లుండే సన్నని లోతైన గుంటలకు మరో రకం చికిత్స అవసరం. ఒకే ముఖం మీద మూడు రకాల మచ్చలూ ఉండవచ్చు కనుక, వైద్యులు తరచుగా రెండు మూడు పద్ధతులను కలిపి వాడతారు.

మన చర్మానికి ప్రత్యేక జాగ్రత్త

భారతీయుల చర్మంలో మెలనిన్ పాలు ఎక్కువ. చిన్న గాయమైనా, వాపు అయినా మానిన చోట నల్లమచ్చ మిగలడం సహజం. లేజర్ వేడి ఎక్కువైతే ఈ ముప్పు పెరుగుతుంది. అందుకే అనుభవజ్ఞులు తక్కువ శక్తితో, ఎక్కువ ఎడంతో విడతలు ప్లాన్ చేస్తారు. చికిత్సకు ముందూ తర్వాతా సన్‌స్క్రీన్ తప్పనిసరి. కొన్ని నెలలు నిలిచే నల్లమచ్చకూ, శాశ్వతమైన గుంటకూ తేడా ఉంది. చాలా నల్లమచ్చలు ఎండ తగలకుండా చూసుకుంటూ, పూతమందులు వాడితే లేజర్ లేకుండానే తగ్గుతాయి.

ఆధారాలు ఏం చెబుతున్నాయి?

2016లో వెలువడిన కోక్రేన్ సమీక్ష, మొటిమలకు కాంతి చికిత్సలపై నాణ్యమైన ఆధారాలు కొరవడ్డాయని తేల్చింది. అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ 2024 మార్గదర్శకాలు కూడా లేజర్లపై సిఫారసు చేయడానికి తగినన్ని ఆధారాలు లేవన్నాయి. మచ్చ మిగిల్చే ముప్పున్న పెద్ద గడ్డలకు స్టెరాయిడ్ ఇంజెక్షన్‌ను అనుబంధ చికిత్సగా ఆమోదించాయి. అంటే రెండింటిలో ఏదీ మూల చికిత్స కాదు. అడపలీన్, బెంజోయిల్ పెరాక్సైడ్ వంటి పూతమందులు, అవసరమైతే పరిమిత కాలం యాంటీబయోటిక్ మాత్రలు, తీవ్రమైన మొటిమలకు వైద్యుల పర్యవేక్షణలో ఐసోట్రెటినోయిన్, ఇవే నేటికీ చికిత్సకు ఆధారం. గర్భస్థ శిశువుకు తీవ్ర హాని చేస్తుంది కనుక ఐసోట్రెటినోయిన్‌ను గర్భిణులు వాడకూడదు. వాడే కాలంలో గర్భం రాకుండా జాగ్రత్త పడాలి.

మరో విషయం. వైద్యులు గడ్డలోకి స్టెరాయిడ్ ఎక్కిస్తున్నారు కదా అని దుకాణంలో స్టెరాయిడ్ క్రీము కొని ముఖానికి రాసుకోవడం ప్రమాదకరం. రోజూ రాస్తే చర్మం పలుచబడుతుంది, మొటిమలు ఇంకా పెరుగుతాయి. ఈ దుర్వినియోగాన్ని అరికట్టడానికే కేంద్ర ప్రభుత్వం 2018లో ఇలాంటి క్రీములను వైద్యుల చీటీతో మాత్రమే అమ్మాలని నిబంధనలు సవరించింది.

వైద్యులను అడగవలసినవి

• నా ముఖం మీద ఉన్నది మొటిమా, నల్లమచ్చా, గుంటా?
• పూతమందులు, మాత్రలతో తగ్గే అవకాశం ఎంత?
• ఇది ఏ లేజర్? ఎన్ని విడతలు, మొత్తం ఖర్చు ఎంత? సౌందర్య చికిత్సలకు ఆరోగ్య బీమా సాధారణంగా వర్తించదు.
• చికిత్స చేసేది ఎవరు? రాష్ట్ర వైద్య మండలిలో నమోదైన చర్మవైద్య నిపుణులేనా?

గర్భవతులు, పాలిచ్చే తల్లులు, కెలాయిడ్లు వచ్చే స్వభావం ఉన్నవారు, ఐసోట్రెటినోయిన్ వాడుతున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

మొదట ప్రస్తావించిన ముగ్గురిలో, పెళ్లి దగ్గరపడిన వ్యక్తికి ఒక ఇంజెక్షన్ సరిపోవచ్చు. అది కూడా వైద్యులు పరీక్షించి గడ్డ అందుకు తగినదని నిర్ధారించాకే. చివరి నిమిషంలో లేజర్ చేయించుకుంటే ముహూర్తం నాటికి ముఖం ఎర్రబడి ఉండే ప్రమాదం ఉంది. పాత గుంటలున్నవారికి లేజర్, సబ్‌సిషన్ వంటివి ఉపయోగపడతాయి. కానీ కొత్త మొటిమలు రావడం ఆగిన తర్వాతే వాటిని మొదలుపెట్టడం మంచిది. పదిహేడేళ్ల వ్యక్తికి ముందుగా కావలసింది ఈ రెండూ కాదు, క్రమం తప్పక వాడవలసిన మందులు. వాటి ఫలితం తెలియడానికి 2, 3 నెలలు పడుతుంది. ఆ ఓపికే రేపు గుంటలకు లేజర్ అవసరం రాకుండా కాపాడవచ్చు.